కొండలు దాచిన విత్తులు

కొండ యన్నది లేని ఊరివారికి కొండమొక్కల ప్రసంగమెందుకని పాఠకులు అడుగవచ్చును. మా గోరేబాళ క్యాంపు నల్లరేగడి మైదానము. కాలువగట్టు మీద నిలిచి చూచినచో వరిమళ్ళు, వాని నడుమ పాఱు పిల్లకాలువలు, దూరముగా తుమ్మచెట్లు, ఇంతే. నైఋతి దిశగా గంగావతి వైపు పోయిన కొలది రాతిగుట్టలు అగపడును గాని, మబ్బు తాకు శిఖరమేదియు మా పిల్లలు ఇంటినుండి చూచి యెఱుగరు. అయినను ఈ సంచికకు మేము వ్రాయబూనినది కొండమొక్కలను గూర్చియే. అందులకు కారణము మా నాయనమ్మ ట్రంకుపెట్టె.

1953లో తుంగభద్ర ఆనకట్టనుండి నీరు విడిచిన పిమ్మట, ఎడమకాలువ క్రింది భూములకు కృష్ణా, గోదావరి, గుంటూరు జిల్లాలనుండి రైతు కుటుంబములు తరలివచ్చిన సంగతి ఈ సంచికను చదువువారికి ఇంటి కథయే. రాయచూరు జిల్లా అప్పటికి హైదరాబాదు రాష్ట్రములో నుండెను. 1956లో మైసూరు రాష్ట్రమున చేరెను. ఊరు మాఱినది, రాష్ట్రము మాఱినది, చుట్టుపట్ల వినబడు భాష మాఱినది. మాఱనిది మా నాయనమ్మ పెట్టె ఒక్కటే. దాని యడుగున వేపాకు, బూడిద కలిపి కట్టిన చిన్న చిన్న గుడ్డమూటలుండెడివి. గుమ్మడి, చిక్కుడు, ఆనప, తోటకూర విత్తులు. వానితోపాటు అక్కుళ్ళు, కృష్ణకాటుకలు అను రెండు రకముల వడ్లు. "భూమి కొత్తదైతే అయింది, విత్తనమైనా మనదై ఉండాలి నాయనా" అని ఆమె అనెడిది.

ప్రతి సంవత్సరము ఈశాన్యపు మూల నొక చిన్న మడిలో ఆ పాత వడ్లు చల్లించెడిది. చేను ఏపుగా పెరిగి గాలికి పడిపోయెడిది, దిగుబడి తక్కువ. ఇరుగుపొరుగువారు నవ్వెడివారు. మేమును నవ్వితిమి. ఆమె పోయిన తరువాత ఆ మడియును తక్కిన పొలములో కలిసిపోయెను. క్యాంపులోని పొలములన్నియు ఒకే సన్నరకపు వరితో నిండినవి. అందులో తప్పేమియు మాకు కనిపించలేదు. ధర పలికినది, అన్నము బాగున్నది.

ఒక సంవత్సరము ముసురు పట్టి గాలివానలు వదలలేదు. ఎండాకు తెగులు తగిలినది. ఆకుల అంచులు పసుపువాఱి, పిమ్మట ఎండుగడ్డి రంగు పట్టి, వారము పది దినములలో మళ్ళకు మళ్ళు తెల్లబాఱినవి. గట్టునకు ఈవలి చేనికిని ఆవలి చేనికిని భేదము లేదు. అన్నిట నున్నది ఒకే విత్తనము గనుక అన్నిటికిని ఒకే గతి పట్టెను. ఆ రాత్రి అటకమీది పెట్టె దించి తెఱచితిమి. మూటలలో పురుగు తొలిచిన పొట్టు, పొడి తప్ప మఱేమియు లేదు. ఆ పాత వరి తెగులునకు తట్టుకొని యుండెడిదని మేము చెప్పజాలము. తట్టుకొనక పోయి యుండవచ్చును. కాని వేసి చూతమన్నను విత్తు లేకపోయెను. మా బాధ అంతయు అదియే.

ఆ తరువాత రెండేండ్లకు మాఘమాసమున కుటుంబముతో నీలగిరికి పోయితిమి. ఉదకమండలము దాటిన తరువాత గడ్డికొండల వాలులలో వంకరలు తిరిగిన మ్రానులతో, ఎఱ్ఱని పూగుత్తులతో చెట్లు కనిపించినవి. అచ్చటి బడగ వృద్ధుడొకరు మాతో మాట కలిపెను. బడగ భాష కన్నడమునకు దగ్గఱి చుట్టము. మాకు కన్నడము వచ్చుటచే సంభాషణ సాగెను. తమ పూర్వులును మైసూరు సీమనుండి కొండ యెక్కి వచ్చినవారేనని ఆయన చెప్పి, ఆ చెట్టువైపు చూపి, "దీని చుట్టాలు మాత్రం ఇక్కడెవరూ లేరు, హిమాలయంలో ఉన్నారట" అనెను. ఈ మాట మమ్ములను విడువలేదు. ఇంటికి వచ్చినది మొదలు దొరికిన గ్రంథములు చదువుచు వచ్చితిమి.

ఆ చెట్టు రోడోడెండ్రాన్. హిమాలయ ప్రాంతమున దీనిని బురాంశ్ అందురు. ఉత్తరాఖండమునకు ఇది రాష్ట్రవృక్షము, నేపాలునకు దీని పూవు జాతీయ పుష్పము. నీలగిరులకును హిమాలయములకును నడుమ రెండువేల కిలోమీటర్లకు పైబడిన ఉష్ణదేశము కలదు. ఆ దేశములో ఈ చెట్టు బ్రతుకజాలదు. అట్లయిన ఇచ్చటి కెట్లు వచ్చెను? చార్లెస్ డార్విన్ 1859లో ప్రకటించిన తన మహాగ్రంథములో ఈ చిక్కును తడవెను. హిమాలయములందును, దక్షిణ భారతపు విడి కొండలందును, సింహళపు ఎత్తులందును ఒకే విధమైన మొక్కలుండుటకు, పూర్వమొక చలియుగమున అవి పల్లములకు దిగి వ్యాపించి, మరల వేడి హెచ్చగా శిఖరములకు ఎగబ్రాకి యుండునని ఆయన ఊహించెను. మన దేశమున సుందరలాల్ హోరా పండితుడు, వింధ్య సాత్పురా పర్వతశ్రేణి ఆ పురాతన ప్రయాణమునకు వంతెన వలె ఉపయోగపడి యుండునని 1949లో వాదించెను. ఆయన ముఖ్యముగా ఏటిచేపలను చూచి చెప్పిన మాట అది.

ఊహలు ఊహలుగా నుండగా, నేల తానే సాక్ష్యము చెప్పెను. నీలగిరి లోయలలో ఏండ్ల తరబడి కుళ్ళిన గడ్డి, ఆకు పొరలు పొరలుగా పేరుకొనిన చిత్తడినేలలు కలవు. సుకుమార్, రమేశ్, పంత్, రాజగోపాలన్ అను శాస్త్రజ్ఞులు ఆ పొరలలోని కర్బనమును పరీక్షించి 1993లో ఫలితములు ప్రకటించిరి. ఇందలి కిటుకు మన రైతులకు సులభముగా బోధపడును. జొన్న, చెఱకు, మొక్కజొన్న వంటి గడ్డిజాతులు గాలినుండి కర్బనమును గ్రహించు రీతి వేఱు. వరియు, అడవిచెట్లును గ్రహించు రీతి వేఱు. మొదటి తెగ మొక్కలలో బరువైన కర్బనము పాలు కొంచెము హెచ్చు. మొక్క కుళ్ళి మన్నైనను ఆ గుఱుతు చెడదు. సుమారు 20,000 ఏండ్ల క్రిందటి పొరలలో జొన్న తెగ గడ్డి గుఱుతు బలముగా నుండెను, అనగా అది ఎండకాలము, వానలు సన్నగిలిన కాలము. తరువాత వానలు క్రమముగా పెరిగి 9,000 ఏండ్ల నాటికి తడి మిక్కిలి హెచ్చెను. అటుపిమ్మట మరల ఎండ తల యెత్తెను.

ఆ 20,000 ఏండ్ల నాటి కాలమే ప్రపంచమంతట మంచుయుగపు పరాకాష్ఠ. సముద్రమట్టము ఇప్పటికంటె సుమారు 120 మీటర్లు దిగువ నుండెను. నైఋతి ఋతుపవనము బలహీనమై యుండెను. అట్టి కాలము మొక్కలన్నిటి యెడల ఒకే తీరున వర్తింపలేదు. చలికి ఓర్చు మొక్కలకు అది బాట తెఱచిన కాలము. కొండ దిగి పక్క కొండవారిని కలిసికొనుటకు వీలు చిక్కెను. తడి కోరు అడవులకు అది చెఱ. నీరు నిలుచు లోయమడతలలో ముడుచుకొని ప్రాణము నిలుపుకొనవలసి వచ్చెను. వాతావరణము తిరుగబడగానే ఈ పాత్రలును తారుమారయ్యెను. గత పది లక్షల ఏండ్లలో ఈ చలియుగములు సుమారు లక్ష ఏండ్లకొక్క మాఱు వచ్చి పోవుచున్నవి. కొలిమితిత్తి వలె అడవులు ముడుచుకొనుచు విచ్చుకొనుచు వచ్చినవన్నమాట.

కొండ యెందులకు ఆశ్రయ మిచ్చునో ఒక చిన్న లెక్క చెప్పును. వేయి మీటర్లు ఎక్కినచో చలి ఇంచుమించు ఆఱు డిగ్రీలు హెచ్చును. మైదానమునందలి మొక్క తనకు తగిన చల్లదనము వెదకుకొనవలెనన్న ఉత్తరముగా వందలాది కిలోమీటర్లు పోవలెను. కొండమొక్క విత్తు కొన్ని వందల మీటర్లు పైకి పోయిన చాలును. పైగా కొండకు ఎండవాలు, నీడవాలు, గాలివాలు, తడిలోయ అని పెక్కు ముఖములుండును. ఒక చోట చెడినను ఇంకొక చోట బ్రతుకవచ్చును. అందువలననే కాలము ఎన్ని మాఱులు తిరుగబడినను కొండలు విత్తనమును దాచగలిగినవి.

అయితే దాచుట వేఱు, సంపన్నము చేయుట వేఱు. ఈ భేదము మాకు బోధపడినది మా క్యాంపు ఇంటిపేర్ల వలన. ఆరంభమున ఇచ్చట పండ్రెండు ఇంటిపేర్ల వారుండెడివారని పెద్దలు చెప్పుదురు. నేడు ఏడే మిగిలినవి. రెండిండ్ల ఆడపిల్లలే పుట్టి అత్తవారిండ్లకు పోయిరి. ఒక కుటుంబము తిరిగి కృష్ణాజిల్లాకు పోయెను. ఒక యింట సంతు లేదు. ఒక యింటివారు బళ్ళారిలో వ్యాపారము పెట్టుకొనిరి. పోయిన పేర్లు చెడ్డవియు కావు, నిలిచినవి గొప్పవియు కావు. మంది తక్కువగుటచే కాకతాళీయముగా జరిగిన పని యిది. వేయి ఇండ్ల ఊరిలో ఇంత త్వరగా పేర్లు మాసిపోవు.

చిన్న కొండపై చిక్కుకొనిన మొక్కల గుంపునకు సరిగా ఇదియే జరుగును. బీజములో దాగి తల్లిచెట్టునుండి పిల్లచెట్టునకు దిగివచ్చు లక్షణముల వ్రాతను జన్యువు లందురు. గుంపు చిన్నదైనచో తరతరమునకు కొన్ని జన్యువులు ఊరకయే జాఱిపోవును. ఈ కొండమీద జాఱినవి ఒకటి, ఆ కొండమీద జాఱినవి మఱొకటి. కనుక కొండకును కొండకును నడుమ భేదము పెరుగును, ఒక్కొక్క కొండలోని వైవిధ్యము తఱుగును. నీలగిరులకు దక్షిణమున పాలఘాటు కనుమ కలదు. ముప్పది నలుబది కిలోమీటర్ల వెడల్పు గల ఆ పల్లమునకు ఇరువైపుల నున్న షోలా అడవులలో, షోలకిలి యను చిన్న పక్షి జాతులు ఒకదానినుండి యొకటి బహుకాలము క్రిందటనే విడిపోయినట్లు జన్యుపరీక్షలు తెలుపుచున్నవి. రెక్కలున్న పక్షికే దాటరాని కనుమ వేరూని నిలిచిన చెట్టునకెంత దుస్తరమో ఊహించుకొనవచ్చును.

మన తెలుగునాట తూర్పుకనుమలది మఱియొక తీరు. పశ్చిమకనుమల వలె అవి ఒక్క గోడగా నిలువలేదు. గోదావరి, కృష్ణ, పెన్న వానిని తెంచుకొని సముద్రమునకు పోయినవి. ఆ తునకలలో శేషాచలమును ఎఱుగని వారెవరు? తిరుమలకు మెట్లదారిన ఎక్కునపుడు మనము స్వామిని తలంచుచు పోవుదుమే గాని, దారికిరువైపుల నున్న అడవి లోకమున మఱెచ్చటను లేని సొత్తని తలంపము. ఎఱ్ఱచందనము సహజముగా పెరుగుచోటు కడప, చిత్తూరు, నెల్లూరు, కర్నూలు సీమల కొండలును వాని అంచులును మాత్రమే. వాన తక్కువైన రాతినేలలలో అది నెమ్మదిగా చేవదేఱును. అదే కొండలలో సైకస్ జాతికి చెందిన పేరిత యను మొక్క కలదు. చూపునకు చిన్న ఈతచెట్టు వలె నుండును గాని, దాని వంశము పూలమొక్కలు పుట్టకముందటిది. ఆడ, మగ మొక్కలు వేఱు వేఱు. మద్రాసు అటవీశాఖలో పని చేసిన బెడ్డోమ్ దొర పేర శాస్త్రజ్ఞులు దానికి 1883లో నామకరణము చేసిరి.

మఱియొక చుట్టఱికము చూడుడు. గుగ్గిలమిచ్చు సాలవృక్షము విశాఖ, శ్రీకాకుళము మన్యములందు కలదు. అటుపైన ఒడిశా మొదలు హిమాలయపు అడుగు దనుక వ్యాపించినది. దాని జ్ఞాతియైన తంబచెట్టు దక్షిణమున కడప, తిరుపతి కొండలను పట్టుకొని యున్నది. కోస్తా మొక్కలను మొదట శాస్త్రీయముగా వర్ణించి చిత్రింపించిన రాక్స్‌బర్గ్ వైద్యుడు 1781 మొదలు 1793 వఱకు సామర్లకోటలో నుండెను. మా తాతల ఊళ్ళకు కూతవేటు దూరమున కూర్చుండి ఆయన మన కొండమొక్కలను పేరు పేరున లెక్కించెనని తెలిసినప్పుడు మాకు కొంత సంతోషమును, అవి మా ఇండ్ల ప్రక్కనే యున్నను మేమెఱుగనందుకు కొంత సిగ్గును కలిగెను.

గోదావరియు ఒక సాక్ష్యము దాచుకొన్నది. ఆ నది ముఖమునకు ఎదుట సముద్రపు అడుగున పేరుకొనిన ఒండ్రును తవ్వి తీసి, అందులోని ఆకుల మైనమును పరీక్షించిన పరిశోధకులు 2012లో ఒక సంగతి తెలిపిరి. సుమారు 4,000 ఏండ్ల నాటినుండి 1,700 ఏండ్ల నాటి వఱకు దక్కను పీఠభూమిపై ఎండకు ఓర్చు మొక్కలు క్రమముగా పెరుగుచు వచ్చినవట. మన రాయచూరు సీమలో ముద్గల్లు దగ్గఱ పిక్లిహాళున పశుపాలకులు కాపురముండిన కాలము కూడ ఇంచుమించు ఆ తొలినాళ్ళదియే. దక్కనునందు ఆ నాటి జనులు సాగుచేసిన పంటలలో ఉలవ యొకటి. వానకు కఱవైనను పండు ఆ గింజను నేటికిని మస్కి, లింగసుగూరు ప్రాంతపు రైతులు విడువలేదు.

ఇంతవఱకు చదివి, ఏకాంతముగా దాగియుండుటయే శ్రేయస్కరమని మేము తలంచితిమి. నాయనమ్మ పెట్టె వంటిదే కొండ యని సంతోషించితిమి. కాని 2003లో ఐరోపానుండి వెలువడిన ఒక పరిశోధన మా తలంపును సగము మార్చెను. మంచుయుగమున ఐరోపా చెట్లు స్పెయిను, ఇటలీ, బాల్కను సీమలలో తలదాచుకొని, మంచు కరగిన తరువాత ఉత్తరముగా వ్యాపించినవి. పెతీ యను ఫ్రెంచి శాస్త్రజ్ఞుడును ఆయన సహచరులును 22 జాతుల చెట్లను, పొదలను ఇరువదియైదు అడవులలో పరీక్షించిరి. దక్షిణపు ఆశ్రయస్థానములలోనే జన్యుసంపద అత్యధికముగా నుండునని అందఱు అనుకొనుచుండిరి. ఆ చోట్లలోని చెట్లు ఒకదానికొకటి మిక్కిలి భిన్నములే. కాని ఒక్కొక్క అడవిలోపలి వైవిధ్యము హెచ్చుగా కనబడినది ఆశ్రయములందు కాదు. నడుమ దేశములలో, వేఱు వేఱు ఆశ్రయములనుండి బయలుదేఱి వచ్చిన చెట్లు కలిసికొనిన చోట్ల.

అనగా కొండ చేయునది సగము పని. అది దాచును, వేఱుపఱచును, భేదమును పెంచును. తక్కిన సగము కలయికది. దక్షిణ అమెరికాలో ఆండీస్ కొండలపై లూపిన్ అను చిక్కుడు కుటుంబపు మొక్క ఇరువది లక్షల ఏండ్లకు లోపుననే 81 జాతులుగా విస్తరించినదట. కొత్తగా లేచిన కొండల ఎత్తు దానికి చోటు చూపెను. చలియుగములు వచ్చి పోవుచు గుంపులను విడదీయుటయు కలుపుటయు అట్టి విస్తరణకు తోడ్పడి యుండునని శాస్త్రజ్ఞుల అభిప్రాయము.

మా కంచములోని అన్నమును ఈ కంటితో చూచితిమి. మన క్యాంపులలో మిక్కిలి ప్రియమైన సాంబ మసూరి 1986లో బాపట్లనుండి విడుదలయైన వంగడము. దాని పూర్వీకులలో ఒకటి కోయంబత్తూరున 1921లో, కోనామణి యను పాత వరిలో దానంతట పుట్టిన మేలురకము. ఒకటి తైవాను పొట్టివరి. ఒకటి మసూరి, అది మలయా వరికిని తైవాను జపానికా వరికిని పుట్టిన బిడ్డ. మా పొలములను తెల్లబఱచిన ఎండాకు తెగులునకు తట్టుకొను సాంబ మసూరిని హైదరాబాదులోని సీసీఎంబీ వారును వరి పరిశోధన సంస్థ వారును కలిసి రూపొందింపగా 2008లో విడుదల యయ్యెను. అందు చేర్చిన మూడు జన్యువులలో ఒకటి ఆఫ్రికాలోని మాలీ దేశపు అడవివరినుండి వచ్చినది. తక్కినవి ఆసియా పాత వరులలోనివి. ఎవరో యెచ్చటనో పనికిరాని గడ్డియని పెఱికి పాఱవేయకుండుట చేతనే మన చేను నిలిచినది.

అట్టి పాత వరుల కాణాచి మన తూర్పుకనుమలలోనే జయపురము సీమ. 1936 వఱకు అది విశాఖపట్టణము జిల్లాలోనిది. ఇప్పుడు ఒడిశాలోని కోరాపుట్. 1955 ప్రాంతమున కటకములోని కేంద్ర వరి పరిశోధన సంస్థ వారు ఆ కొండలు గాలించి 1,700కు పైగా వరి రకములను సేకరించిరి. మెట్టవాలునకొక రకము, ఊటనేలకొక రకము, తొలకరి తప్పినచో వేయుటకొక రకము. ఆ కొండల ముఖములెన్నో గిరిజనుల వడ్లును అన్ని. 2012లో ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ ఆ సేద్యపు పద్ధతిని ప్రపంచ వారసత్వములలో నొకటిగా గుర్తించెను. కాని గౌరవపత్రము విత్తనమును మొలిపింపజాలదు. ఏటేట చల్లెడి చేయి కావలెను.

కొండలకిప్పుడు కొత్త కష్టము వచ్చినది. వేడి హెచ్చిన కొలది మొక్కలు పైకి పోవలెను. శిఖరము దాటిన తరువాత పోవుటకు చోటు లేదు. పూర్వపు మార్పులు వేల ఏండ్లలో జరిగినవి, ఇది మనుమల కాలములోనే జరుగుచున్నది. దిగివచ్చి పక్క కొండకు పోదమన్న నడుమ తేయాకు, నీలగిరితైలపు చెట్లు, రోడ్లు, ఊళ్ళు. శేషాచలమును 2010లో జీవావరణ రక్షితప్రాంతముగా ప్రకటించిరి. ఎఱ్ఱచందనపు అంతర్జాతీయ వ్యాపారముపై 1995నుండి కట్టుబాట్లున్నవి. అయినను గొడ్డలి ఆగలేదు. నఱికిన చెట్టుతో పోవునది ఒక దుంగ మాత్రమే కాదు. ఎన్ని చలియుగములనో దాటి వచ్చిన వ్రాతలో కొన్ని పంక్తులు.

ఇక మా ఇంటి మాట చెప్పి ముగింతుము. మా చిన్నకోడలు కన్నడ ఇంటి పిల్ల, మస్కి దగ్గఱి పల్లె. ఆ వివాహము నాడు క్యాంపులో కొందఱు పెద్దలు పెదవి విఱిచిరి. మన భాష, మన వాడుక ఇక నిలుచునా యని. దాచుకొనుటయే రక్షణమని నమ్మిన దినములవి. మా మనస్సునందును ఆ శంక లేకపోలేదు. అటకమీది ఖాళీ పెట్టె చూచి, "దీంట్లో ఏముండేవి మావయ్యా?" అని అడిగినది ఆ పిల్లయే. సంగతి విని, మఱుసటి పండుగకు పుట్టినింటినుండి తెల్లజొన్నలు, ఉలవలు గుడ్డలో కట్టి తెచ్చెను. "మా అవ్వ కూడా బూడిదే కలిపేది" అని తానే బూడిద కలిపి పెట్టెలో నుంచెను. అప్పుడు మాకును పౌరుషము వచ్చి, గోదావరి ప్రాంతమున నున్న మేనత్త కొడుకునకు ఉత్తరము వ్రాసితిమి. ఆయన నాలుగూళ్ళు తిరిగి దోసెడు కృష్ణకాటుకలు సంపాదించి పంపెను.

ఈశాన్యపు మడి మరల వేఱయ్యెను. సగము కృష్ణకాటుకలు, సగము కొత్త సాంబ. గట్టు మీది మెట్టలో ఉలవలు. పాత వరి గాలికి మునుపటి వలెనే పడిపోవుచున్నది. దిగుబడి మునుపటి వలెనే తక్కువ. ఇప్పుడు నవ్వువారి సంఖ్య మాత్రము తగ్గినది. కోతల వేళ విత్తనమునకై దోసిలి పట్టువారు ఇద్దఱు ముగ్గురు కనబడుచున్నారు. మనుమరాలు ఆ పెట్టె మూటలపై పేర్లు వ్రాసినది, ఒక ప్రక్క తెలుగున, ఒక ప్రక్క కన్నడమున.

ఈ సంచిక చదువు కుటుంబములను మేము కోరునది చిన్న కోరిక. మీ ఇండ్లలో అటకమీదనో, వంటయింటి మూలనో పెద్దలు కట్టిన మూట ఏదైన మిగిలి యున్నదేమో ఈ వానకారునకు ముందు చూడుడు. మొలకెత్తునది యున్నచో ఒక గుప్పెడు విత్తి, ఒక గుప్పెడు పొరుగువారికిండు, వారిచ్చునది పుచ్చుకొనుడు. మేము ఆలస్యముగా చూచితిమి.